విశేషం లేదు

"నలభై ఆరేళ్ల స్త్రీ, జీడిపప్పు కార్మికురాలు,
పదకొండు రోజుల జ్వరంతో..."
అని మొదలుపెట్టాను.
కేసు రిపోర్టులో పేరు ఉండకూడదు.
పేరు దాలమ్మ. పలాస దాటాక
రైలుకట్ట వారన ఒక పేట.

శ్రీకాకుళం పెద్దాసుపత్రి, ఆడవాళ్ల వార్డు,
పద్నాలుగో మంచం.
మలేరియా కాదు. టైఫాయిడ్ కాదు. డెంగీ కాదు.
ప్లేట్‌లెట్లు పూటపూటా మెట్లు దిగుతున్నాయి.
గుండె కండరం వాచింది.
ఆమె మణికట్టు పట్టుకుని, గోడగడియారం చూస్తూ
నాడి లెక్కపెట్టేవాణ్ని:
నూట పద్దెనిమిది. నూట ఇరవై నాలుగు.

మచ్చను కనిపెట్టింది నేను కాదు.
తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తున్న ఆయా సన్యాసమ్మ
"బాబూ, మోకాలెనక సూడు,
సుట్ట కాలినట్టు ఏటో ఉన్నాది" అంది.
పుస్తకంలో సిగరెట్టు కాలినట్టు అని ఉంటుంది.
మా జిల్లాలో పురుగు కూడా చుట్టే కాలుస్తుంది కాబోలు.

కంటికి ఆనని నల్లి కుట్టిన చోటు.
డాక్సీసైక్లిన్ పడింది. రెండో రోజుకి
ఒళ్లు చల్లబడి, చోడంబలి అడిగింది.

"రాసెయ్" అన్నారు బెహరా మేడమ్.
మచ్చ ఉన్న చోటు అరుదు, గుండె వాపు అరుదు,
రెండూ ఒక్క మనిషిలో మరీ అరుదు.
రాశాను. పన్నెండు వందల మాటలు, ఒక పట్టిక,
మోకాలి వెనక ఫోటో రెండు.
"పరీక్షలో మచ్చ గుర్తించబడినది."
ఆ వాక్యానికి కర్త లేదు.
సన్యాసమ్మ బకెట్టు పట్టుకుని
వాక్యం బయట నిలబడి ఉంది.

మూడు నెలలకు పత్రిక నుంచి అభ్యంతరాలు.
మొదటి రెండూ అంకెల గొడవ.
మూడోది: "సమ్మతి పత్రం మీద ఉన్నది
వేలిముద్రలా లేదు, సిరామరకలా ఉంది.
మళ్లీ తీసుకోగలరు."

ఆదివారం పాసింజరెక్కాను, జేబులో ఇంకుప్యాడు.
షెడ్డులో కాల్చిన గింజల పొగ కళ్లలో గుచ్చుతోంది.
"ఏటి బాబూ, నాకు మల్లీ జొరమొస్తాదేటి?"
కాదమ్మా, వేలిముద్ర కావాలి.
నవ్వింది. బూడిదలోంచి చేతులు పైకి తీసింది.
"జీడి తినేసింది బాబూ.
రేషను మిసనే నన్ను నానని నమ్మదు,
మీ పుస్తకం నమ్ముతాదా?"

బొటనవేలు నొక్కింది. నల్లటి గుడ్డు పడింది.
ఎడమచెయ్యి. చూపుడువేలు. చిటికెనవేలు.
సుడి లేదు, గీత లేదు.
ఆరు గుడ్లు వరసగా కాగితం మీద.

ఎనిమిది రోజులు ఆ చెయ్యి పట్టుకున్నాను.
నా చేతిరాతే, కేసు షీటులో ఇప్పటికీ ఉంది:
"చేతులు: విశేషం లేదు."

"ఇందల నా పేరు ఎక్కడున్నాది?"
పేరు రాయకూడదమ్మా, నీ మంచికే.
"మరి మొకం?"
మోకాలి వెనక మటుకే.
కాసేపు ఊరుకుంది.
"ఇంకెవులో వచ్చి, అది నాదే అంటే?"
నా దగ్గర జవాబు లేదు.
పక్కనామె పకపకా నవ్వింది,
"ఓలమ్మో, నీ జొరం కూడా ఎత్తుకుపోతారేటే!"

గుప్పెడు బద్ద పప్పు నా జేబులో పోసింది.
నౌపడా ఉప్పుమడుల పక్కన రైలు ఆగినప్పుడు
తిందామని తీస్తే పప్పంతా ఇంకు.
తెల్లటి పలుకు మీద నా బొటనవేలు పడింది,
గీత గీతా విడివిడిగా, చిన్న సుడితో సహా.
తినబుద్ధి కాలేదు. పారెయ్యనూ లేదు.

మూడో అభ్యంతరానికి జవాబు రాశాను:
"ముద్ర స్పష్టంగానే ఉంది. ఆమెది ఇదే."
కారణం ఒక పేరా. చేతుల ఫోటో, ఆమెనడిగి, ఒకటి.
చివర కృతజ్ఞతల్లో ఒక పేరు చేర్చాను.

ఇంకా అచ్చు కాలేదు.
నిన్న నాలుగో అభ్యంతరం వచ్చింది:
"సన్యాసమ్మగారి హోదా, విభాగం
తెలియజేయగలరు."